అంజుమన్ నుండి అసెంబ్లీకి: మాసూమా బేగం గారి జీవితం

మన ఏ.ఎస్.పేట దర్గాకు గంధం ఉత్సవం నాడు ఎంతమంది స్త్రీలు వస్తారో మనందరికీ తెలిసినదే. చంటిపిల్లల్ని చంకనేసుకుని, జబ్బు మనుషుల్ని చెయ్యిపట్టి నడిపించుకుంటూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఇంటి బరువు మోయడానికి పనికివచ్చిన ఆ తల్లులు ఊరి విషయం మాట్లాడబోతే మాత్రం "ఆడోళ్ళకి ఇవన్నీ ఎందుకమ్మా" అంటాము. ఈ మాటకు ఏనాడో జవాబు చెప్పిన ఒక స్త్రీమూర్తి చరిత్రను పాఠకుల ముందుంచుట ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఆమె ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి పదవినలంకరించిన తొలి ముస్లిం మహిళ మాసూమా బేగం గారు.

ఆమె 1901లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఖదీవ్ జంగ్ బహదూర్, తల్లి తయ్యిబా బేగం. తల్లికి తండ్రి, అనగా మాసూమా గారి తాతగారు, నిజాం సంస్థానంలో విద్యాశాఖ నడిపిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ. మద్రాసు విశ్వవిద్యాలయ పట్టం పొందిన తొలి ముస్లిం మహిళలలో తయ్యిబా బేగం ఒకరు. దౌత్యవేత్తగా, గవర్నరుగా పేరుపొందిన అలీ యావర్ జంగ్ మాసూమా గారి తమ్ముడే. గొప్ప ఇంటి బిడ్డ కాబట్టి ఆమెకు అన్నీ సులువుగా జరిగిపోయాయని ఎవరైనా అనుకోవచ్చును. చదువు సులువైన మాట నిజమే. అయితే ఆ ఘోషాల రోజుల్లో, అంత పెద్ద ఇంట్లోనైనా సరే, ఆడబిడ్డ నలుగురిలోకి వచ్చి నిలబడి మాట్లాడడం సులువు కాదు.

మహబూబియా బాలికల పాఠశాలలో చదివిన మాసూమా గారు 1921లో తల్లి మరణానంతరం, ఆమె స్థాపించిన అంజుమన్-ఎ-ఖవాతీన్, అంటే స్త్రీల సంఘం, బాధ్యతను తన భుజాన వేసుకున్నారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవయ్యేళ్ళు. బీద బాలికలకు చదువు, చేతిపని నేర్పించుట ఆ సంఘం పని. పదిమందిని కూర్చోబెట్టి ఒక మాట మీదికి తేవడం, చందాలు వసూలు చేసి లెక్క అప్పజెప్పడం, అధికారుల చుట్టూ తిరిగి పని సాధించుకోవడం ఇవన్నీ అటువంటి సంఘాల్లోనే అలవడతాయి. రాజకీయం అంటే ఇంతకంటె వేరే ఏముంది?

సరిగ్గా ఆ 1921లోనే మన నెల్లూరు జిల్లా ఉన్న మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి కలిగిన కొద్దిమంది స్త్రీలకైనా శాసనసభ ఎన్నికలలో వోటు హక్కు వచ్చింది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదులో మాత్రం స్త్రీ పురుషులందరూ వోటు వేసి శాసనసభను ఎన్నుకొనడం 1952 దాకా జరుగలేదు. అనగా ఆమె మూడు దశాబ్దాలు ఏ పదవీ ఆశించే వీలు లేకుండానే సేవ చేశారన్నమాట.

1952 ఎన్నికల నాటి పరిస్థితి గుర్తుచేసుకోవాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు ముస్లింలు భయంతో, అయోమయంతో ఉన్న కాలమది. దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక, "ఫలానా వాడి భార్య", "ఫలానా వాడి తల్లి" అని మాత్రమే వ్రాయించుకున్నందున వోటర్ల జాబితాలో చోటు కోల్పోయారు. స్త్రీ పేరు పైకి చెప్పడమే తప్పనుకునే ఆ రోజుల్లో మాసూమా బేగం తన పేరు మీదనే కాంగ్రెసు అభ్యర్థిగా పాతబస్తీలోని శాలిబండలో నిలబడి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నెల్లూరూ హైదరాబాదూ ఒకే రాష్ట్రమైనాయి. 1957లో ఆమె పత్తర్‌గట్టి నుండి గెలుపొందారు. 1960లో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయినపుడు ఆయన మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమం, ముస్లిం ధర్మాదాయాల శాఖలు ఆమెకు అప్పగించబడినవి. దళితుడైన మొట్టమొదటి ముఖ్యమంత్రి క్రింద తొలి ముస్లిం మహిళామంత్రి! దర్గాలు, మసీదుల ఆస్తుల మంచిచెడ్డలు చూసే శాఖ గనుక, హైదరాబాదుకు ఎంత దూరాన ఉన్నా మన పేటకు సైతం ఆమె మంత్రేనని చెప్పుకోవచ్చు.

1962లో అదే పత్తర్‌గట్టిలో సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఆమె ఓడిపోయారు. మంత్రిగా ఉండి ఓడిపోవుట చిన్న దెబ్బ కాదు. పదవి కోసమే వచ్చినవారైతే అంతటితో ఇంట్లో కూర్చునేవారు. ఆమె మాత్రం మళ్ళీ స్త్రీల సంఘాల పనిలో పడి, అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించారు. 1974లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 1990లో కన్నుమూశారు.

ఆమె తరువాత చట్టాలు చాలా మారాయి. 1994 పంచాయతీరాజ్ చట్టంతో స్త్రీలకు మూడో వంతు స్థానాలు, 2011 నుండి సగం స్థానాలు దక్కాయి. 2021లో జకియా ఖానమ్ గారు రాష్ట్ర శాసనమండలి ఉపాధ్యక్షురాలైనారు. సంతోషమే. కానీ ఎన్నో ఊళ్ళలో సర్పంచిగా గెలిచింది భార్య, కుర్చీలో కూర్చునేది భర్త. ఆమె వంతు సంతకం పెట్టడమే. అదికూడా కాగితం ఇంటికి తెస్తేనే! "ఫలానా వాడి భార్య" అని వ్రాయించుకున్న ఆనాటికీ దీనికీ ఎంత తేడా ఉందో చదువరులే ఆలోచించాలి.

చట్టం కుర్చీ ఇస్తుంది గాని కూర్చునే ధైర్యం ఇవ్వదు. ఆ ధైర్యం మాసూమా బేగం గారికి అంజుమన్‌లో ముప్పయ్యేళ్ళు పనిచేస్తే వచ్చింది. కాబట్టి మన సంక్షేమ సంఘాల సమావేశాలకు అమ్మలను, అక్కచెల్లెళ్ళను పిలుద్దాం. లెక్కల పుస్తకం వాళ్ళ చేతికి ఇద్దాం, తప్పు చేస్తే దిద్దుదాం. రేపు మన ఆడబిడ్డ సర్పంచి అయితే, ఆమె మాట ఆమే మాట్లాడుతుంది.