సప్తర్షి మండలం: ఆసన క్రమం, కాంతి క్రమం

వేసవి తొలి రాత్రులలో ఉత్తరాకాశాన సప్తర్షి మండలం స్పష్టంగా గోచరిస్తుంది. నాలుగు చుక్కలు చతుర్భుజంగానూ, మూడు చుక్కలు తోకవలెనూ అమరిన ఈ ఆకృతిని గుర్తించడం సులభం. అయితే అందులో ఏ చుక్క ఏ ఋషి, వాటిలో ఏది అధిక కాంతిమంతం అన్న ప్రశ్నలకు భిన్న కాలాల, భిన్న దేశాల పరిశీలకులు ఇచ్చిన సమాధానాలు ఒక్క తీరుగా లేవు.

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ ఋషుల స్థానాలను నిర్దేశించాడు. తూర్పు కొసన మరీచి; అతనికి పడమరగా వసిష్ఠుడు, అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు, క్రతువు. వసిష్ఠుని ఆశ్రయించి అరుంధతి. ఇది ఆసన క్రమమే కాని కాంతి క్రమం కాదు.

కాంతిని బట్టి నక్షత్రాలను ఆరు తరగతులుగా విభజించిన పట్టికలలో మనకు లభిస్తున్న ప్రాచీన గ్రంథం 2వ శతాబ్దంలో టాలెమీ రచించిన ఆల్మజెస్ట్. అందులో అత్రి మూడవ తరగతిలో చేరింది. 1603లో జర్మనీ దేశీయుడైన యోహాన్ బేయర్ ప్రచురించిన నక్షత్ర పటాలలో మాత్రం ఏడు చుక్కలూ రెండవ తరగతికి చెందినవే. కాంతి భేదం పాటించనందున బేయర్ గ్రీకు అక్షరాలను పడమటి నుండి తూర్పునకు వరుసగా కేటాయించాడు. ఆల్ఫా క్రతువుకు, చివరిదైన ఈటా మరీచికి దక్కాయి. వరాహమిహిరుని వరుసకు ఇది సరిగ్గా తలక్రిందులు.

కాంతి తరగతులకు గణిత నియమం ఏర్పడింది 19వ శతాబ్దంలో. ఒక తరగతికీ మరొక తరగతికీ మధ్య కాంతి భేదం సుమారు రెండున్నర రెట్లని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పోగ్సన్, అనంతరం 1861 నుండి 1891 వరకు మద్రాసు వేధశాలలో పనిచేశాడు. ఆ కొలమానంలో సంఖ్య తగ్గినకొద్దీ కాంతి ఎక్కువ. దాని ప్రకారం అంగిరసుడు 1.77, క్రతువు 1.79, మరీచి 1.86, వసిష్ఠుడు 2.04, పులహుడు 2.37, పులస్త్యుడు 2.44, అత్రి 3.31. అంటే అంగిరసుని కాంతిలో అత్రి కాంతి సుమారు నాలుగవ వంతు మాత్రమే.

ఒక్క బేయర్ పటాన్నే ప్రమాణంగా గ్రహించినవారికి అత్రి గత నాలుగు శతాబ్దాలలో మసకబారిందన్న అనుమానం కలగడం సహజం. కాని అంతకు పద్నాలుగు వందల ఏళ్ల ముందరి టాలెమీ నమోదు నేటి కొలతకు సన్నిహితంగా ఉంది. కనుక మారింది నక్షత్రం కాదు, దానిని నమోదు చేసిన తీరు. శాసనాలను గాని, దస్తావేజులను గాని పరిశీలించేవారు పాటించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది: ఇటీవలి సాక్ష్యం అయినంత మాత్రాన అది మరింత నమ్మదగినది కానక్కరలేదు.

అత్రి మసకగా కనిపించడానికి దూరం కూడా కారణం కాదు. ఈ ఏడింటిలో మధ్యనున్న ఐదూ ఒకే దిశగా పయనిస్తున్నాయని 1869లో రిచర్డ్ ప్రాక్టర్ నిరూపించాడు. అవన్నీ మనకు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవే. రెండు కొసలనున్న మరీచి, క్రతువు మాత్రం ఆ బృందానికి చెందవు. అవి మరింత దూరాన ఉన్నాయి. భారతీయ క్రమంలోనైనా, ఐరోపా క్రమంలోనైనా మొదటి, చివరి ఆసనాలు ఈ ఇరువురివే కావడం గమనార్హం.

ఇక అరుంధతి కాంతి సుమారు 4. అత్రి కన్నా తక్కువ. టాలెమీ దీనిని పేర్కొనలేదని, జనులు దీనితో కంటిచూపును పరీక్షించుకొనేవారని క్రీ.శ. 964 నాటి గ్రంథంలో అల్ సూఫీ తెలిపాడు. గ్రీకు పట్టికకు ఎక్కని ఆ చిన్న చుక్కకు బృహత్సంహితలో పేరూ, స్థానమూ రెండూ లభించాయి. తెలుగువారి వివాహాలలో వధూవరులకు నేటికీ చూపించేది మండలంలోని మిక్కిలి కాంతిమంతమైన అంగిరసుని కాదు, వసిష్ఠుని చెంతనున్న ఈ అరుంధతినే.