అశ్వశక్తి పెరిగినకొద్దీ
మార్కాపురం, గిద్దలూరు మీదుగా నల్లమల కనుమనెక్కే రైలుమార్గము 1990లలో బ్రాడ్‌గేజిగా మారిన పిమ్మట, ఆ ఎగువ బాటలో బండ్లను లాగినవి డబ్ల్యుడిఎం-2 జాతి డీజిలు ఇంజనులు. 1964లో వారణాసిలో వీటి తయారీ మొదలైనప్పుడు శక్తి 2,600 అశ్వశక్తులు. తరువాత అవే 16 సిలిండర్ల నుండి, అదే 229 మిల్లీమీటర్ల వ్యాసముతోనే, 3,100 రాబట్టినారు.

వెలుపలికిపోయే పొగ ఊపుతో తిరిగే టర్బోఛార్జరు సిలిండరులోకి మరింత గాలిని కుక్కుతుంది; ఇంధనమూ మరింత మండుతుంది. చిక్కంతా ఇక్కడే. పిస్టను వైశాల్యము సుమారు 410 చదరపు సెంటీమీటర్లు గదా! చదరపు సెంటీమీటరుకు 100 కిలోగ్రాముల పీడనమనుకుంటే బలము 41 టన్నులు. అది సిలిండరు మూతను పైకీ, క్రాంకుషాఫ్టును క్రిందికీ నెడుతుంటే నడుమనున్న బ్లాకు బలహీనమైతే పగులుతుంది. అందుకే దానిని పోత ఇనుముతో కాక, ఉక్కు పలకలను వెల్డింగు చేసి కట్టినారు. అతుకులలో మిగిలిన బిగువు సడలడానికి కొలిమిలో కాచి మెల్లగా చల్లార్చినారు. అసలు నేర్పు ఇదే. శక్తి పెంచినప్పుడు పిస్టను తలకు అల్యూమినియముకు బదులు ఉక్కు వాడినారు.