పనిచోట కోచింగ్, సమస్యా పరిష్కారం

ఉద్యోగి ఇబ్బందితో వస్తే పైఅధికారి తానే జవాబు చెప్పడం సమస్యా పరిష్కారం. ప్రశ్నలడిగి అతనిచేతే దారి వెతికించడం కోచింగ్. సింగపూర్‌లో 1981లో మొదలైన ఉత్పాదకత ఉద్యమం క్వాలిటీ సర్కిళ్ల ద్వారా సమస్యల పరిష్కారాన్ని కార్మిక బృందాలకే అప్పగించింది. జాన్ విట్‌మోర్ 1992 నాటి పుస్తకంతో కోచింగ్‌లో గ్రో నమూనా వ్యాపించింది: లక్ష్యం, వాస్తవ స్థితి, మార్గాలు, సంకల్పం.

సింగపూర్‌లో హౌగాంగ్ ప్రాంతంలోని డెఫూ లేన్ ఒకప్పుడు ఫర్నిచర్, కార్ల రిపేరు షెడ్లకు పేరుపడ్డ చోటు. అలాంటి షెడ్డులో రంపం బ్లేడు పట్టేస్తే "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగడం ప్రమాదం, ముందు స్విచ్ ఆపేయాలి. వారం వారం పట్టేస్తుంటే మాత్రం మేస్త్రీ "చెక్క తోసేముందు ఏం చూశావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. తొందరపడి తానే జవాబు అందించాడా, అది మళ్లీ మొదటి పద్ధతే.