వేలిని పసిగట్టే పలక: టచ్‌ప్యాడ్ చరిత్ర

లాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌కు పాయింటర్ని కదపడానికి వేలి ఒత్తిడితో పని లేదు. నునుపైన పై పొర కింద సన్నని లోహపు గీతలు అడ్డంగా, నిలువుగా వలలా పరిచి ఉంటాయి. అడ్డగీతా నిలువుగీతా ఎదురుపడే ప్రతి కూడలీ విద్యుదావేశాన్ని దాచే ఒక చిన్న కెపాసిటర్. మనిషి ఒంట్లో ఉప్పునీరు ఉంటుంది గనక శరీరం విద్యుద్వాహకం. వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుత్ క్షేత్రం కొంత వేలి వైపు మళ్లి, ఆ కూడలి దాచగల సామర్థ్యం, అంటే కెపాసిటెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గుదల కెపాసిటెన్స్ కొలమానమైన పికోఫారడ్‌లో ఏ కొంత భాగమో. ప్యాడ్ వెనకున్న చిప్ కూడళ్లన్నిటినీ సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తూ దాన్ని పట్టుకుంటుంది. ఒక వేలు ఒకేసారి చాలా కూడళ్లను కప్పుతుంది కాబట్టి, ఎక్కడెంత తగ్గిందో చూసి సగటు కడితే వేలి నడిమధ్య తేలుతుంది. గీతల మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడమున్నా పాయింటర్ అంతకంటే ఎంతో చిన్న కదలికను కూడా చూపగలగడం ఈ లెక్క వల్లే.

ఈ సూత్రం పాతదే. 1920 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త లియోన్ థెరెమిన్ చెయ్యి తగలకుండానే పలికే వాద్యం చేశాడు. యాంటెన్నా దగ్గర చెయ్యి కదిలితే కెపాసిటెన్స్ మారి స్థాయి మారేది. 1965లో బ్రిటన్‌లోని మాల్వర్న్ రాడార్ పరిశోధన కేంద్రానికి చెందిన ఇ.ఎ. జాన్సన్ వేలితో తాకే తెర గురించి రాశాడు. అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో బెంట్ స్టంప్ రూపొందించిన టచ్ తెరలు 1976 నాటికి అక్కడి భారీ యాక్సిలరేటర్ కంట్రోల్ గదిలో పనిచేస్తున్నాయి. ఈ తెరలు ప్రయోగశాలల సరుకు. మామూలు మనిషి ఒళ్లోకి రావాలంటే అంత సూక్ష్మమైన కొలతను చవగ్గా చేసే చిప్ కావాలి.

లాప్‌టాప్‌లలో ముందు రాజ్యమేలింది ట్రాక్‌బాల్. 1991 నాటి తొలి ఆపిల్ పవర్‌బుక్‌లలోనూ అదే. దుమ్మూ చెమటా చేరితే బంతి మొరాయించేది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ కీబోర్డు నడుమ పాయింటర్ని కదిపే ఎర్ర బొడిపెను పెట్టింది. అంతకుముందే అమెరికాలో జార్జ్ గెర్ఫైడ్ 1988లో కెపాసిటివ్ టచ్‌ప్యాడ్‌ను కనిపెట్టాడు. దాన్ని సిర్క్ కంపెనీ గ్లైడ్‌పాయింట్ పేరుతో అమ్మింది. 1994 మేలో వచ్చిన పవర్‌బుక్ 500 శ్రేణిలో ట్రాక్‌బాల్ స్థానాన్ని టచ్‌ప్యాడ్ ఆక్రమించింది. పోటీగా నిలిచిన సినాప్టిక్స్ కథ ఇంకా చిత్రమైనది. తొలి మైక్రోప్రాసెసర్ ఇంటెల్ 4004 రూపకర్తల్లో ఒకడైన ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్‌తో కలిసి 1986లో దాన్ని స్థాపించింది నాడీ వ్యవస్థను అనుకరించే చిప్‌ల కోసం. కూడు పెట్టింది మాత్రం టచ్‌ప్యాడ్.

చాలా వేళ్లను విడివిడిగా గుర్తించే పని ఫింగర్‌వర్క్స్ చేసింది. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఎలియాస్, వేన్ వెస్టర్‌మన్ 1998లో పెట్టిన ఆ సంస్థను 2005లో ఆపిల్ కొనేసింది. 2015లో ఆపిల్ ప్యాడ్ కిందకి కదలడం కూడా మానేసింది. ఒత్తిడిని సెన్సర్లు కొలిస్తే, విద్యుదయస్కాంతం వేలికి నొక్కిన భ్రమ కలిగిస్తుంది.

హైదరాబాద్‌కు కంప్యూటర్ తయారీ కొత్త కాదు. ఇక్కడ 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) టీడీసీ-12 కంప్యూటర్లను తయారుచేసింది. టచ్‌ప్యాడ్ మాత్రం తయారైన లాప్‌టాప్‌తోపాటే బయటి నుంచి వచ్చింది. నగర శివార్లలో, మేడ్చల్ రోడ్డు మీది పేట్ బషీరాబాద్‌కు దగ్గర్లోనే మైసమ్మగూడ, కండ్లకోయ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అక్కడి విద్యార్థులకు లాప్‌టాప్ పుస్తకమంత అవసరం. అది మొరాయిస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ షాపులున్నాయి.

ఛార్జింగ్ పెట్టగానే పాయింటర్ ఎగిరెగిరి పడితే చాలామంది ప్యాడ్‌నే తిడతారు. తప్పు తరచు గోడలో ఉంటుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో ఛార్జర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు లాప్‌టాప్ మొత్తాన్నీ ఊగిసలాడిస్తుంది; లోహపు బాడీ అయితే చేతికి జివ్వుమంటుంది. పికోఫారడ్ భాగాలను కొలిచే చిప్‌కు ఆ అలజడి కూడా వేలిలాగే కనిపించవచ్చు. ఎర్త్ ఉన్న త్రీపిన్ సాకెట్‌కు మారిస్తే చాలాసార్లు జబ్బు కుదురుతుంది. వానాకాలపు తడి వేలిదీ ఇలాంటి ఇబ్బందే: నీటిబొట్టూ విద్యుద్వాహకమే.

ప్యాడ్ పైకి ఉబ్బి క్లిక్ పడకపోతే మాత్రం విషయం వేరు. చాలా మోడళ్లలో దాని కిందే బ్యాటరీ ఉంటుంది. ఉబ్బింది బ్యాటరీ అయితే ప్యాడ్ మార్చి లాభం లేదు. నొక్కి సరిచేయబోవడం ప్రమాదం. ఛార్జింగ్ ఆపేసి, బ్యాటరీని వెంటనే మెకానిక్‌తో తీయించాలి.