ప్రవాసమా? స్థిరవాసమా? – నేటాల్, రంగూన్ తెలుగువారి వలస నిర్ణయాలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

స్వదేశంలో ఉండాలా, పరదేశానికి వెళ్ళి స్థిరపడాలా అన్నది చదువుకున్న మధ్యతరగతికి ఇటీవలి కాలంలో ఎదురైన సమస్యగా తెలుగు విమర్శ తరచు పరిగణిస్తున్నది. అంతకు ముందే సముద్రం దాటిన తెలుగు కూలీల విషయానికి వచ్చేసరికి ‘నిర్ణయం’ అన్న మాట దాదాపుగా వినిపించదు. వారు కరవు తరిమితే వెళ్ళారనీ, దళారులు మోసగిస్తే వెళ్ళారనీ చెప్పి ముగించడం పరిపాటి. కరవూ నిజమే, మోసమూ నిజమే. అయితే అదే కరవులో, అదే ఊరిలో, అదే దళారి మాట విని కూడా వెళ్ళనివారున్నారు. వెళ్ళి తిరిగి వచ్చినవారున్నారు. రాకూడదని నిశ్చయించుకున్నవారూ ఉన్నారు. ఈ భేదాలను కరవు ఒక్కటే వివరించలేదు.

ఒప్పంద కూలీల చరిత్ర రచనలో రెండు ధోరణులు ప్రసిద్ధం. 1974లో హ్యూ టింకర్ ఈ వ్యవస్థను బానిసత్వానికి కొత్త రూపంగా నిరూపించాడు. ఆ తరువాత ఫిజీ కూలీలపై పరిశోధించిన బ్రిజ్ లాల్, మారిషస్ వలసలపై పరిశోధించిన మెరీనా కార్టర్ వంటివారు కూలీల సొంత ఎంపికలకూ, వ్యూహాలకూ చోటు కల్పించారు. ఈ చర్చలో ఎక్కువ భాగం ఓడ ఎక్కే క్షణం చుట్టూ తిరిగింది: కూలీ ఇష్టపడి ఎక్కాడా, మోసపోయి ఎక్కాడా? వలస నిర్ణయం ఆ క్షణంలో పూర్తి కాలేదనీ, చాలామంది విషయంలో అసలు నిర్ణయం ఒప్పందం గడువు తీరిన తరువాతనే జరిగిందనీ నేటాల్, రంగూన్ తెలుగువారి చరిత్రల ఆధారంగా ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

పదాల సాక్ష్యం

ఊరు విడిచిపోవడానికి తెలుగులో ఉన్న రెండు ముఖ్యమైన మాటలను ముందుగా పరిశీలించాలి. ‘వలస’ అన్న మాటకు బ్రౌన్ నిఘంటువు శత్రుసేన భయం చేత ఇల్లు వదిలి పారిపోవడమనే అర్థాన్ని ఇచ్చింది. ఆ అర్థంలో వలసపోయేవారికి వెళ్ళడం తప్ప వేరే దారి లేదు. ‘ప్రవాసం’ అలాంటిది కాదు. అలంకారశాస్త్రం విప్రలంభ శృంగార భేదాలలో దీనిని ఒకటిగా చెప్పింది. అష్టవిధ నాయికలలో ఒకతె అయిన ప్రోషితభర్తృక పేరులోని ‘ప్రోషిత’ శబ్దం కూడా అదే ధాతువు నుండి ఏర్పడినది. ప్రవాసంలో వెళ్ళినవాడు తిరిగి వస్తాడన్న ఆశ అంతర్లీనంగా ఉంటుంది. ఆ ఆశ లేకపోతే నిరీక్షణకు అర్థం లేదు.

ఒక మాట బలవంతాన్ని సూచిస్తున్నది, రెండవది పునరాగమనాన్ని సూచిస్తున్నది. ఆలోచించి వెళ్ళి, అక్కడనే ఉండిపోవాలని నిశ్చయించుకున్న మనిషికి ఈ రెండింటిలో ఏదీ సరిపోదు. నేటాల్‌లో మూడు నాలుగు తరాలుగా స్థిరపడినవారిని నేటికీ ‘ప్రవాసాంధ్రులు’ అనే వ్యవహరిస్తున్నాం. ఈ పేరు వారి పూర్వులు తీసుకున్న ఒక నిర్ణయాన్ని కనబడకుండా చేస్తున్నది. ఆ నిర్ణయం ఎప్పుడు, ఏ పరిస్థితులలో జరిగిందో చూడాలి.

డిపోలో అడిగిన ప్రశ్న

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్ళారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. తమిళులతో పాటు ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. నేటి చిత్తూరు ప్రాంతంలో చాలా భాగం అప్పుడు ఉత్తర ఆర్కాటులోనిదే.

ఓడల జాబితాలలో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు నమోదయ్యాయి. 1883 నాటి వలస చట్టం ప్రకారం, దళారి తెచ్చిన ప్రతి వ్యక్తినీ నమోదు అధికారి విడిగా విచారించాలి. ఒప్పందం అర్థమైందా, వెళ్ళడానికి సమ్మతమేనా అని అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాతనే మద్రాసు డిపోకు ప్రయాణం. చట్టం దృష్టిలో వలస నిర్ణయమంటే ఈ ప్రశ్నకు వచ్చిన ‘సమ్మతమే’ అన్న జవాబు.

ఈ జవాబును చరిత్రకారుడు ఎలా చదవాలి? ప్రశ్న అడిగే సమయానికి ఆ మనిషి ఇల్లు విడిచి వచ్చేశాడు. దళారి పెట్టిన తిండి తిన్నాడు. కాదంటే ఊరికి తిరిగి వెళ్ళడానికి చేతిలో డబ్బు ఉండదు. కాబట్టి ఆ జవాబును పూర్తి స్వేచ్ఛకు నిదర్శనంగా తీసుకోలేము. అలాగని దానిని పూర్తి అబద్ధంగా కొట్టివేయడమూ సరి కాదు. అతడు ఒప్పుకున్నది ఐదేళ్ళ పనికి, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతానికి, ఏడాదికొక షిల్లింగు పెరుగుదలకు. స్వదేశాన్ని శాశ్వతంగా విడిచిపెడుతున్నావా అని అతడిని ఎవరూ అడగలేదు. పదేళ్ళ నివాసం తరువాత ఉచితంగా తిరిగి పంపుతామన్న హామీ కూడా ఒప్పందంలో ఉంది. కాబట్టి డిపోలో ఓడ ఎక్కినవాడు, మాట అసలు అర్థంలో, ప్రవాసి మాత్రమే.

తిరిగి వచ్చినవారి అనుభవం కూడా ఊళ్ళకు చేరుతూనే ఉండేది. 1871లో నేటాల్ నుండి మద్రాసు చేరినవారు అక్కడి యజమానుల మీద చేసిన ఫిర్యాదుల ఫలితంగా 1872లో నేటాల్‌లో విచారణ సంఘం ఏర్పడింది. 1866లో ఆగిపోయిన వలస 1874లో గాని తిరిగి మొదలు కాలేదు. ఆ తరువాత వెళ్ళినవారందరూ ఏమీ తెలియకుండా వెళ్ళారని భావించడానికి వీలు లేదు.

గడువు తీరిన తరువాత

ఒప్పందం ముగిసిన కూలీ ముందు నేటాల్‌లో మూడు దారులు ఉండేవి: మళ్ళీ ఒప్పందం కుదుర్చుకోవడం, స్వతంత్రంగా జీవించడం, స్వదేశానికి తిరిగి రావడం. తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు భూమి పొందే వీలు కొంతకాలం చట్టంలో ఉండేది. ఆ భూమి లభించినవారు స్వల్పం. 1891లో ఆ వీలును తొలగించారు. అయినా అనేకులు భూమిని కౌలుకు తీసుకొని కూరగాయలు, మొక్కజొన్న పండించారు. రైల్వేలలో, గనులలో, హోటళ్ళలో పనికి కుదిరారు.

ఈ మూడవ దారి వైపు వారిని నెట్టడానికే వలస ప్రభుత్వం 1895లో 17వ చట్టాన్ని చేసింది. ఆ చట్టం కింద వచ్చిన కూలీ గడువు తీరాక మళ్ళీ ఒప్పందంలో చేరకుండా, స్వదేశానికి పోకుండా ఉంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. 1903లో వయసు వచ్చిన పిల్లలకు కూడా దీనిని విస్తరించారు. ఐదవ ఏట కూలీ నెల జీతం పద్నాలుగు షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే నాలుగు నెలల జీతానికి పైమాట. భార్య, ఎదిగిన పిల్లలు ఉన్న కుటుంబానికి ఈ భారం ఎన్ని రెట్లయ్యేదో ఊహించవచ్చు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. డిపోలో ‘సమ్మతమే’ అనడానికి ఖర్చేమీ లేదు, కాదనడానికే ఖర్చు. నేటాల్‌లో గడువు తీరాక పరిస్థితి తారుమారైంది. తిరిగి వెళ్ళేవానికి ఓడ ఖర్చు ఉచితం. ఉండిపోయేవాడు ఏటేటా మూల్యం చెల్లించాలి. ఆ మూల్యం చెల్లించి, చెల్లించలేక దాక్కొని, జైలుకు వెళ్ళి కూడా వేలమంది ఉండిపోయారు. 1913లో గాంధీ నాయకత్వంలో జరిగిన సమ్మెలో వేలాది కూలీలు పాల్గొనడానికి ఈ పన్ను ప్రధాన కారణం. 1914లో పన్ను రద్దయింది. కూలీల నిర్ణయానికి సాక్ష్యం కావాలంటే డిపో రిజిస్టరులోని సంతకం కంటే, వేలిముద్ర కంటే ఈ పన్ను చరిత్ర బలమైన ఆధారమని నా అభిప్రాయం.

తిరిగి వచ్చినవారు

1927 నాటి కేప్‌టౌన్ ఒడంబడిక ఈ ప్రశ్నను మరొక రూపంలో ముందుకు తెచ్చింది. స్వచ్ఛందంగా భారతదేశానికి తిరిగి వెళ్ళేవారికి ప్రయాణ ఖర్చుతో పాటు పెద్దవారికి ఇరవై పౌన్లు, పిల్లలకు పది పౌన్లు ఇచ్చే పథకం మొదలైంది. వెళ్ళినవారు మూడేళ్ళ లోపల ఆ సొమ్ము తిరిగి చెల్లించి వెనక్కు రాకపోతే దక్షిణాఫ్రికాలో నివాస హక్కు కోల్పోతారు. ఈ పథకం అమలవుతున్న కాలంలో, 1929 నుండి 1932 వరకు, అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నవాడు ఏలూరుకు చెందిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు.

ఇలా వచ్చినవారి స్థితిని బనారసీదాస్ చతుర్వేది, భవానీ దయాళ్ సన్యాసి పరిశీలించి 1931లో నివేదిక ప్రకటించారు. వచ్చినవారిలో చాలామంది ఇక్కడ ఇమడలేకపోయారు. పిల్లలకు ఇక్కడి వాతావరణం కొత్త, కూలి రేట్లు తక్కువ, కుల కట్టుబాట్లు కఠినం. దీనికి పదేళ్ళ ముందే, ఫిజీ, ట్రినిడాడ్, గయానాల నుండి వచ్చినవారు కలకత్తాలోని మటియాబుర్జ్‌లో గుమికూడి, తమను తిరిగి ఆ దేశాలకే పంపమని వేడుకున్నారు. స్వదేశమన్నది వారు వదిలివెళ్ళిన రూపంలో వారి కోసం నిలిచి ఉండలేదు. నేటాల్‌లో ఉన్నవారికి ఈ వార్తలు తెలియకుండా ఉండే అవకాశం లేదు. 1932 నాటి సమావేశం, దక్షిణాఫ్రికా భారతీయులలో ఐదింట నాలుగు వంతులకు పైగా అక్కడనే పుట్టినవారు గనుక ఈ పథకం ఇక సాగదని గుర్తించింది.

సరిగ్గా ఈ సమయంలోనే, 1931లో, నేటాల్ తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. తిరుగు ప్రయాణానికి ఓడలు సిద్ధంగా ఉన్నప్పుడు, ఇరవై పౌన్లు చేతికి వచ్చే వీలున్నప్పుడు, ఒక సమాజం తన భాషను పిల్లలకు నేర్పడానికి సంస్థను కట్టుకున్నది. దీనిని మాతృభూమి మీది బెంగగా మాత్రమే చదవడం పాక్షికం. కొన్నాళ్ళలో తిరిగి వెళ్ళేవారికి పరదేశంలో తెలుగు నేర్పే సంస్థ అవసరం అంతగా ఉండదు. ఉండిపోయేవారికే దాని అవసరం. కాబట్టి ఆంధ్ర మహాసభ స్థాపనను స్థిరవాస నిర్ణయానికి భాషాపరమైన ప్రకటనగా గ్రహించవచ్చు.

రంగం: వేరొక తూకం

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి బర్మా ఉదాహరణ ఉపకరిస్తుంది. రంగూన్‌ను కోస్తా జిల్లాల ప్రజలు ‘రంగం’ అన్నారు. అక్కడ తెలుగు కూలీలను కోరంగి రేవు పేరుతో ‘కొరంగీలు’ అన్నారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి కొద్ది రోజుల ప్రయాణం. ఐదేళ్ళ గిర్మిట్ లేదు. మేస్త్రీ ఇచ్చే బయానాయే బంధం. ఎక్కువగా మగవారే వెళ్ళేవారు, కొన్నేళ్ళకు వచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలోని పది లక్షలకు పైబడిన భారతీయులలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు.

నేటాల్‌కు పంపిన ప్రతి వందమంది మగవారికి నలభైమంది స్త్రీలు ఉండాలన్న నిబంధన ఉండేది. బర్మా విషయంలో అలాంటిదేమీ లేదు. స్త్రీలు ఊళ్ళోనే ఉండి పొలమూ, ఇల్లూ, అప్పూ చూసుకున్నారు. శాస్త్రార్థంలో ‘ప్రోషితభర్తృక’ అన్న మాట సరిపోయేది వీరికే. అందువల్ల రంగం నిర్ణయం ఒకసారి తీసుకుని ముగించేది కాదు. ఊళ్ళో ఉన్న ఇల్లు దానిని ప్రతి రాకపోకలోనూ తిరగదోడుకొనేది.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో బర్మీయులను నియమించడం, సమ్మె ముగియగానే ఆ బర్మీయులను తొలగించడం ఘోరమైన అల్లర్లకు దారితీశాయి. వందమందికి పైగా మరణించారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలాది భారతీయులు ఓడలలో, కాలినడకన తరలివచ్చారు. దారిలో వేలాదిమంది చనిపోయారు. 1962 తరువాత సైనిక ప్రభుత్వ విధానాలు మిగిలినవారిలో చాలామందిని పంపివేశాయి. విశాఖపట్నంలోని ‘బర్మా క్యాంప్’ అన్న పేట పేరు దానికి గుర్తు. తిరిగి రావడాన్ని కూలీ తన చేతిలో ఉంచుకున్నాననుకున్నాడు. ఎప్పుడు, ఎలా రావాలో మాత్రం చివరకు అతడు నిర్ణయించలేకపోయాడు. ‘వలస’ అన్న మాట పాత అర్థం, శత్రుసేన భయం, ఇక్కడ తిరుగు ప్రయాణానికి వర్తించింది.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఓడ ఎక్కడాన్ని దేశత్యాగ నిర్ణయంగా భావించరాదు. అది చాలామందికి గడువు గల ప్రవాసం మాత్రమే. రెండు, నేటాల్‌లో స్థిరవాస నిర్ణయం గడువు తీరిన తరువాత, ఉండిపోవడానికి మూల్యం చెల్లిస్తూ, ఏళ్ళ తరబడి జరిగింది. రంగూన్‌లో ఆ నిర్ణయాన్ని వాయిదా వేసే వెసులుబాటే దాని స్వరూపాన్ని నిర్ణయించింది. మూడు, ఉండిపోయినవారు నెలకొల్పిన భాషాసంస్థలను జ్ఞాపక చిహ్నాలుగానే గాక నిర్ణయ సాక్ష్యాలుగా కూడా చదవాలి.

దీనివల్ల మన సాహిత్య చరిత్ర రచనకు ఒక బాధ్యత ఏర్పడుతున్నది. దేశాంతర తెలుగు సాహిత్యాన్ని వర్గీకరించేటప్పుడు రచయిత ఎక్కడ ఉన్నాడన్న ప్రశ్నతో పాటు, తిరిగి రావడం గురించి అతడి సమాజం ఏమి నిశ్చయించుకున్నదన్న ప్రశ్న కూడా వేయాలి. అలా వేస్తే ‘ప్రవాసం’ అన్న పేరు ఎవరికి చెల్లుతుందో, ఎవరికి చెల్లదో స్పష్టమవుతుంది. అక్షరం రాని కూలీ అన్నీ లెక్క వేసుకునే ఒక నిశ్చయానికి వచ్చాడని అంగీకరించడం, అతడు అనుభవించిన అన్యాయాన్ని తక్కువ చేయడం కాదు. ఆ అన్యాయం నడుమ కూడా అతడు ఆలోచించాడని ఒప్పుకోవడం మాత్రమే.