రుజువు
చిప్ డిజైన్ చేసే మనవాళ్లు “సిమ్యులేషన్‌లో రుజువైంది” అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ మాటకు మూలమైన అరబ్బీ ‘రుజూ’ అంటే తిరిగి రావడం, ఆశ్రయించడం. ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి, సాక్ష్యంతో తేల్చడమైంది. కన్నడంలో ‘రుజువాతు’ది మన అర్థమే, ‘రుజు’ మాత్రం సంతకం. తిన్ననిదనే సంస్కృత ‘ఋజువు’ దీనికి చుట్టం కాదు, పేరు కలిసిందంతే. ఇక సిమ్యులేషన్ సంగతి: బర్క్‌లీలో 1973లో వెలువడ్డ ‘స్పైస్’ అనే సిమ్యులేటర్, మనమిచ్చిన పరిస్థితుల్లోనే సర్క్యూట్ నడకను లెక్కగట్టి చూపుతుంది. డిజిటల్‌లో స్థితులు ఎన్నైనా పరిమితమే. అనలాగ్‌లో వోల్టేజీ తెంపు లేకుండా మారుతుంది, స్థితులు అనంతం. సరిసంఖ్య దశలున్న రింగ్ ఆసిలేటర్ అనే సర్క్యూట్ వేలసార్లు చక్కగా మొదలైనా, ఏదో ఒక ఆరంభ వోల్టేజీ దగ్గర మొండికేయొచ్చు. ఆ వోల్టేజీలన్నిటినీ గుత్తగా పట్టి, గణితంతో హద్దులు కట్టి తేల్చేది ఫార్మల్ వెరిఫికేషన్. రుజువన్న మాట దానికే చెల్లుతుంది. సిమ్యులేషన్‌కు ‘పరీక్ష’ చాలు.