తల తిరుగుడుకు కదలికే చికిత్స అయిన చరిత్ర

కావలిలోనూ, నెల్లూరు సీమ పల్లెల్లోనూ తల తిరిగితే పైత్యమనో నీరసమనో అనుకొని, మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టి, నిమ్మరసమో అల్లం రసమో పట్టించడం తరతరాల అలవాటు. దానికి శాస్త్రగ్రంథాల అండ లేకపోలేదు: చరక సంహిత 'భ్రమ'ను ఎనభై వాతరోగాల్లో ఒకటిగా లెక్కించగా, తరువాత వచ్చిన మాధవ నిదానం పిత్తమూ వాతమూ రజోగుణమూ కలిసినప్పుడు అది పుడుతుందని చెప్పింది. ఐరోపా వైద్యులు కూడా చాలాకాలం దీన్ని మెదడులో రక్తం ఎక్కువగా చేరడం వంటి దోషంగానే భావించారు. ఈ లక్షణం లోపలి చెవి నుంచి పుట్టగలదని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ చూపాడు.

లోపలి చెవిలో, వినికిడి భాగానికి ఆనుకొని, ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. బిందెను గిరుక్కున తిప్పితే లోపలి నీరు కాస్త వెనకబడినట్లు, తల తిప్పినప్పుడు ఈ ద్రవం వెనకబడి గ్రాహక కణాలను కదిలిస్తుంది. ఆ సంకేతాన్ని బట్టే మెదడు చూపునూ ఒంటి నిలకడనూ సరిచూసుకుంటుంది. ఈ వ్యవస్థను పరీక్షించే పద్ధతులు కనిపెట్టిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. రోగం ఎక్కడిదో తెలిసినా, రోగికి దొరికిన సలహా మాత్రం చాలాకాలం విశ్రాంతే.

ఆ సలహాను తలకిందులు చేసినది రెండవ ప్రపంచయుద్ధ కాలపు లండన్. తలకు దెబ్బ తగిలి తూలిపోతున్న సైనికులకూ, లోపలి చెవికి శస్త్రచికిత్స జరిగినవారికీ చికిత్స చేస్తున్న చెవి వైద్యుడు టెరెన్స్ కాథార్న్, త్వరగా లేచి తిరిగినవారే త్వరగా కోలుకుంటున్నారని గమనించాడు. కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఆయన సహచరుడైన ఫిజికల్ మెడిసిన్ నిపుణుడు కుక్సీ ఆ గమనికను ఒక వ్యాయామక్రమంగా మలచాడు. దెబ్బతిన్న చెవి బాగుపడకపోయినా మెదడు కొత్త సంకేతాలకు అలవాటు పడగలదని, అయితే తల తిరిగేలా చేసే కదలికనే అది మళ్లీమళ్లీ ఎదుర్కోవాలని ఈ పద్ధతి సూత్రం.

ఆ క్రమం నేటికీ దాదాపు అలాగే వాడుకలో ఉంది. రోగి మొదట మంచంమీదే తల కదపకుండా కళ్లను పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పి, చాచిన వేలిని ముఖం దగ్గరికి తెచ్చుకుంటూ దానిమీదే చూపు నిలుపుతాడు. ఆపైన తలను మెల్లగా, క్రమంగా వేగంగా, మొదట కళ్లు తెరిచి, తరువాత మూసి తిప్పుతాడు. కూర్చొని నేలమీది వస్తువు తీయడం, నిలబడి చిన్న బంతిని చేతినుంచి చేతికి కంటి ఎత్తుకు పైగా విసురుకోవడం, చివరకు గదిలో నడవడం, మెట్లెక్కి దిగడం, బంతి ఆటలు ఆడటం వరుసగా వస్తాయి. తల తిరుగుతుందేమోనని మానుకున్న పనులనే రోగి తిరిగి చేయడం నేర్చుకుంటాడు. ఈ చికిత్సలోని మానవీయత అంతా అక్కడే ఉంది.

చెవిలోని సున్నపు కణాలు నాళంలోకి జారిపడటం వల్ల మంచంమీద పక్కకు తిరగ్గానే వచ్చే తల తిరుగుడుకు వేరే ఉపాయం ఉంది. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రకటించిన విన్యాసంతో తలను వరుసగా కొన్ని భంగిమల్లో నిలిపి, ఆ కణాలను నాళం నుంచి బయటికి పంపుతారు.

లండన్‌లో ఈ వ్యాయామ పద్ధతి రూపుదిద్దుకున్ననాడు కావలి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. భారతదేశంలో ఇలాంటి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీకి క్రమబద్ధమైన శిక్షణ 1950ల తొలినాళ్లలో బొంబాయిలో మొదలైంది. నేడు తిరుపతి స్విమ్స్ వంటి సంస్థల్లో ఆ విద్య అందుబాటులో ఉంది. అయినా ఈ చికిత్సకు పెద్ద ఆసుపత్రే అక్కరలేదు: 2012లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో చిన్న పుస్తకం చూసి ఇంటివద్దే సాధన చేసినవారు కూడా ఏడాది తిరిగేసరికి మెరుగయ్యారు. కావలి ఇంట్లో మంచమూ మెట్లూ రబ్బరు బంతీ ఉంటే తొలి దశలు గడుస్తాయి. నిలకడ కుదిరినవారు, మరొకరి తోడుతో, తుమ్మలపెంట తీరపు ఇసుకలో కూడా నడక సాధన చేయవచ్చు.

అయితే తల తిరుగుడుతోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చేయి గాని కాలు గాని పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు వ్యాయామం కాదు, తక్షణం ఆసుపత్రే దిక్కు. మిగిలినవారి కోసం, నెలల తరబడి మాత్రలు మాత్రమే రాసివ్వక, ఈ వ్యాయామాలను తెలుగులో ఒక కాగితంమీద అచ్చువేసి ప్రతి రోగి చేతికీ అందించే బాధ్యతను కావలి వైద్యులు తీసుకోవాలి.